డిజైనర్ పోర్ట్‌ఫోలియో ఎక్కడ పెట్టాలి: చిరునామా వేరు, చోటు వేరు

హైదరాబాదులో ఉద్యోగం మానేసి, లేదా ఉద్యోగం చేస్తూనే పక్కన, సొంతంగా డిజైన్ పనులు ఒప్పుకునేవారికి మొదటి నెలలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. చేసిన పనులను నలుగురికీ చూపించుకోవడానికి, డిజైనర్లు తమ పనులను ఉంచుకునే బిహాన్స్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే చాలునా, సొంత వెబ్‌సైట్ కట్టుకోవాలా, అందరూ ఉన్న ఇన్‌స్టాగ్రామ్‌నే నమ్ముకోవచ్చునా? పన్నెండేళ్లుగా ఈ వృత్తిలో ఉండి, ఈ మూడింటితో పాటు మరో నాలుగైదింటిని వాడి, కొన్నింటిని వదిలేసిన తరవాత నాకు తేలిందేమంటే, ఈ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. మన పనుల బొమ్మలు, వాటి వివరాలు ఏ వేదిక మీద ఉండాలన్నది మొదటిది. విజిటింగ్ కార్డు మీద, ఈమెయిల్ చివర, వాట్సాప్ ప్రొఫైల్లో మనం రాసుకునే చిరునామా ఏదన్నది రెండోది. మొదటిదానికి జవాబు రెండు మూడేళ్లకొకసారి మారుతుంది, మారినా నష్టం లేదు. రెండోది మారితే మాత్రం, పాత కార్డు పట్టుకుని వెతికే మనిషి మనకు దొరకకుండా పోతాడు.

అందువల్ల చోటు ఏదైనా, చిరునామా మాత్రం మన పేరుతో కొనుక్కున్న డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మన సొంత పేరు, అయి ఉండాలని నా గట్టి అభిప్రాయం. .ఇన్ డొమైన్లను నిర్వహించేది నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ. 2005 నుంచి ఇవి ఎవరైనా కొనుక్కోవడానికి వీలుగా ఉన్నాయి. ఏడాదికయ్యే ఖర్చు రెండు మూడు ప్లేట్ల బిర్యానీ ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది. మొదటి ఏడాది తక్కువ ధర చూపించి రెండో ఏడాది నుంచి పెంచడం డొమైన్ అమ్మేవారికి మామూలే కనుక, కొనేటప్పుడే రెన్యువల్ ధర ఎంతో చూసుకోవాలి. డొమైన్ కొనగానే వెబ్‌సైట్ కట్టాలన్న నిర్బంధం ఏమీ లేదు. అమ్మిన సంస్థ సెట్టింగుల్లో ఫార్వార్డింగ్ అనే ఏర్పాటు ఉంటుంది. అక్కడ మన బిహాన్స్ పేజీ చిరునామా ఇస్తే, మన పేరు టైపు చేసినవారు నేరుగా ఆ పేజీకి వెళ్తారు. రేపు సొంత సైట్ తయారైనప్పుడు ఆ ఒక్క గడిలో చిరునామా మారిస్తే సరిపోతుంది, కార్డులు మళ్లీ అచ్చువేయించుకోనక్కరలేదు.

ఈ జాగ్రత్త అతిగా తోచేవారు రెండు సంగతులు గుర్తు తెచ్చుకోవచ్చు. కోడ్ రాయడం రాని డిజైనర్లు వెబ్‌సైట్లు కట్టుకోవడానికి అడోబీ సంస్థ మ్యూజ్ అనే సాఫ్ట్‌వేర్‌ను అందించేది; దాన్ని ఆపేస్తున్నట్టు 2018లో ప్రకటించి, 2020 మార్చితో మద్దతును పూర్తిగా ముగించింది. అదే 2020 జూన్ చివర్లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అక్కడ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ప్రేక్షకులు ఒక్క రాత్రిలో చేజారిపోయారు. రెండు సందర్భాల్లోనూ సొంత డొమైన్ ఉన్నవారు మరో చోటికి దారి మళ్లించుకున్నారు.

ముందు చూసే మనిషిని చూడాలి

చిరునామా సంగతి తేలాక చోటు సంగతికి రావచ్చు. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, వేదికల గుణగణాలను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ కూర్చోవడం. ఎవరి ఫోన్‌లో ఆ లింకు తెరుచుకుంటుంది, ఆ మనిషి అందులో దేనికోసం వెతుకుతారు అన్నది ముందు తేల్చుకోకపోతే ఆ పోలికకు ఆధారమే ఉండదు. హైదరాబాదులో ఒకే డిజైనర్ దగ్గరికి వచ్చే క్లయింట్లు ఎంత రకరకాలుగా ఉంటారో చెప్పడానికి ఇద్దరిని దగ్గరగా చూపిస్తాను.

కూకట్‌పల్లిలో పచ్చళ్లు, పొడుల వ్యాపారం చేసే ఒక ఆవిడకు ఒకసారి నా పనుల ఇన్‌స్టాగ్రామ్ లింకు పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "బాబూ, ఇదేదో లాగిన్ అవమంటోంది. నాకు అందులో అకౌంటు లేదు. ఆ సీసాల మీద వేసిన స్టిక్కర్లు ఫొటోలుగా పంపించు నాయనా, చూసుకుంటాను" అన్నారు. మర్నాడు నేనే వెళ్లాను. నేను ఎంతో మురిసిపోయి చూపిద్దామనుకున్న బొమ్మలో సీసా ఒక పాలరాతి బల్ల మీద, పక్కన ఎండుమిరపకాయలతో, పక్కనుంచి వెలుతురు పడుతూ ఉంది. ఆవిడ దాన్ని ఒక్క క్షణం చూసి పక్కకు జరిపేశారు. ఆ తరవాతి బొమ్మ లేబుల్ మొత్తాన్ని చదునుగా పరిచి చూపించే ప్రింట్ ఫైలు. దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క ఎక్కడుందో, ఆహార పదార్థాలు అమ్మేవారికి ఉండే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరుకు ఎంత చోటు వదిలానో, నికర బరువు ఎంత సైజు అక్షరాల్లో వేశానో వరుసగా చూసుకుంటూ పోయారు. "ఇదిగో, ఇట్లా వెనకవైపు కూడా సర్దగలవా?" అన్నదే ఆవిడ అడిగిన ప్రశ్న. నా పోర్ట్‌ఫోలియోలో అప్పటికి సీసాల వెనకవైపు చూపించే బొమ్మ ఒక్కటీ లేదు. ఆవిడ చూసినది కూడా పొరపాటున ఆ ఫోల్డర్‌లో మిగిలిపోయిన ఫైలు.

రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ ఉత్పత్తుల సంస్థలో డిజైన్ బృందానికి పెద్దగా ఉన్న వ్యక్తి నా పనిని చూసిన తీరు పూర్తిగా వేరు. ఆయన ల్యాప్‌టాప్‌లో నా సైటు తెరిచి, చివరి స్క్రీన్ల దగ్గర ఆగలేదు. మధ్యలో వదిలేసిన ఒక నమూనా బొమ్మ దగ్గర ఆగి, ఈ పద్ధతిని ఎందుకు తీసేశారు, వాడేవారు దీనితో ఎక్కడ ఇబ్బంది పడ్డారు, ఆ నిర్ణయం ఎవరిది అని అడిగారు. ఆయనకు కావలసింది ఆలోచన సాగిన క్రమం. దాన్ని చెప్పాలంటే బొమ్మకు పక్కన నాలుగు పేరాల వచనం పట్టే చోటు కావాలి. ఈ రెండో క్లయింటు కోసం కట్టుకున్న సైటును మొదటి క్లయింటుకు పంపితే ఆవిడ రెండో పేరా కూడా చదవరు. మొదటి క్లయింటుకు సరిపోయే ఫొటోల కట్టను ఈయనకు పంపితే అలంకారాలు చేసే మనిషి అనుకుని ఊరుకుంటారు.

వీరు కాక ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్‌ల చుట్టూ తిరిగే సినిమా పబ్లిసిటీ పనులున్నాయి; అక్కడ పరిచయమే ప్రధానం, చూపించుకోవడానికి ఇన్‌స్టాగ్రామ్ చాలు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు గృహప్రవేశ ఆహ్వానాల నుంచి కొత్త హోటల్ మెనూ వరకు పనులు ఇస్తుంటారు. వాళ్లు ఎవరో చెప్పగా వస్తారు, వచ్చే ముందు మన పేరు గూగుల్లో వెతుకుతారు. ఆ వెతుకులాటలో ముందుగా ఏది కనబడుతుందన్నది చిన్న విషయం కాదు.

వేదికలు

బిహాన్స్ 2005లో మొదలైంది, 2012 డిసెంబరులో అడోబీ చేతికి వచ్చింది. ఖాతాకు డబ్బు కట్టనక్కరలేదు. ఒక్కో ప్రాజెక్టును పొడవైన పేజీగా పేర్చి, బొమ్మల మధ్య వచనం, వీడియో కలిపి పెట్టుకోవచ్చు. చూసేవారికి లాగిన్ అడ్డం రాదు కనుక లింకు ఎవరికి పంపినా తెరుచుకుంటుంది. బృందంగా చేసిన పనిలో తోటివారి పేర్లను ఒకే ప్రాజెక్టుకు జతచేసే వీలుంది. ఏజెన్సీలో ఐదుగురు కలిసి చేసిన బ్రాండింగ్‌ను ఒక్కరే తమదిగా చెప్పుకునే అలవాటు ఎక్కువగా ఉన్న మన ఊళ్లో ఇది నాకు బాగా నచ్చిన సౌకర్యం. మన పేరు గూగుల్లో వెతికితే బిహాన్స్ పేజీ పైవరుసల్లో కనబడే అవకాశం, కొత్తగా పెట్టిన సొంత సైటుకున్న అవకాశం కంటే ఎక్కువ.

లోపాలు కూడా చెప్పాలి. మన ప్రాజెక్టు ముగిసిన చోట, ఇలాంటివే మరికొన్ని అంటూ ఇతరుల పనులు వరుసగా కనబడతాయి. దుకాణంలోకి తీసుకొచ్చిన గిరాకీని వెనక ద్వారం గుండా పక్క దుకాణంలోకి పంపించినట్టు ఉంటుంది. ఎంతమంది చూశారు, ఎంతమంది మెచ్చుకున్నారు అన్న అంకెలు అందరికీ కనబడతాయి. మొదటి ఏడాది ఆ అంకెలు ఎవరికైనా చిన్నవిగానే ఉంటాయి, తెలియని క్లయింటు వాటినే కొలబద్దగా తీసుకోవచ్చు. పైగా అక్కడ తిరిగేవారిలో అధికులు డిజైనర్లే. మెప్పు దొరికినంత సులభంగా పని దొరకదు. అయినా సరే, ఒకే ఒక్క ఉచిత వేదిక ఎంచుకోమంటే నేను బిహాన్స్‌నే ఎంచుకుంటాను.

డిజైనర్ల మరో వేదిక డ్రిబుల్ 2009లో మొదలైనప్పుడు పనిని పెట్టాలంటే అప్పటికే లోపల ఉన్నవారి ఆహ్వానం కావలసి వచ్చేది. ఆ రోజుల్లో ఒక ఆహ్వానం కోసం ఎంతమందిని బతిమాలామో తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది. అక్కడి ప్రమాణం 400 పిక్సెళ్ల వెడల్పు, 300 పిక్సెళ్ల ఎత్తు ఉన్న చిన్న దీర్ఘచతురస్రం. సైజు తరవాత పెరిగినా, ఒక్క బొమ్మలో మెరుపు చూపించాలన్న స్వభావం పోలేదు. ఐకాన్లు, చిన్న చిన్న యానిమేషన్లు, యాప్ తెరలు చేసేవారికి అది చక్కగా నప్పుతుంది. పచ్చడి సీసా వెనకవైపు చూపించడానికి నప్పదు. 2025లో ఆ సంస్థ నిబంధనలు మార్చి, తన ద్వారా పరిచయమైన క్లయింట్లతో చెల్లింపులు తన వేదిక మీదే జరగాలని పట్టుబట్టడంతో చాలామంది డిజైనర్లు నొచ్చుకున్నారు. అక్కడ ఖాతా ఉన్నవారు ఆ నిబంధనలను ఒకసారి పూర్తిగా చదువుకుని, క్లయింటుకు ఫోన్ నంబరు పంపే ముందే ఏది కుదురుతుందో ఏది కుదరదో తెలుసుకోవడం మంచిది.

ఇన్‌స్టాగ్రామ్ గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. అది పని దొరికే చోటు, అందులో సందేహం లేదు. బంజారాహిల్స్ బొటిక్‌లు, కేఫ్‌లు, కేకులు చేసేవారు, పెళ్లిళ్ల అలంకరణ చేసేవారు డిజైనర్‌ను వెతికేది అక్కడే. అయితే నిన్నటి పోస్టును ఇవాళ్టి పోస్టు కిందికి నెట్టేసే చోట మన మంచి పని ఎప్పుడూ పైన ఉండదు. పిన్ చేసుకునే సౌకర్యం ఉన్నా అది మూడు పోస్టులకే. చతురస్రాలుగా కనబడుతున్న ప్రొఫైల్ గడులను 2025 జనవరిలో నిలువు దీర్ఘచతురస్రాలుగా మార్చినప్పుడు, తొమ్మిది చతురస్రాలను కలిపి ఒక పెద్ద బొమ్మలా పేర్చుకున్నవారి శ్రమంతా చెదిరిపోయింది. పోస్టు కింద రాసే వచనంలో లింకు నొక్కితే తెరుచుకోదు. ఖాతా లేనివారిని కాసేపటికే లాగిన్ అవమంటుంది. అందుచేత దాన్ని మనుషులను పిలిచే చోటుగా వాడుకుని, వచ్చినవారిని బయోలో పెట్టిన సొంత చిరునామాకు పంపడం మేలు.

లింక్‌డిన్‌లో ఫీచర్డ్ అనే విభాగంలో మూడు నాలుగు పనుల లింకులు పెట్టుకుంటే చాలు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు సంస్థల్లో కాంట్రాక్టు పనులు ఆశించేవారికి ఇది తప్పనిసరి. పెళ్లి శుభలేఖలు వేసేవారికి దీనితో పనిలేదు.

గేమ్ ఆర్ట్, క్యారెక్టర్ డిజైన్, విజువల్ ఎఫెక్ట్స్ చేసేవారి లెక్క వేరు. వారిని తీసుకునే స్టూడియోలు ఆర్ట్‌స్టేషన్‌లో చూస్తాయి; 2021లో అది ఎపిక్ గేమ్స్ సంస్థ చేతికి వెళ్లిన తరవాత కూడా ఆ స్థానం చెక్కుచెదరలేదు. ఈ రంగంవారు బిహాన్స్ కంటే ముందు అక్కడ పెట్టుకోవాలి. ఇక ఫైవర్, అప్‌వర్క్ వంటివి పనుల సంతలు. అక్కడి ప్రొఫైల్ పోర్ట్‌ఫోలియోలా కనబడినా దాని ఉద్దేశం అమ్మకం. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. అవి వాడుకోవద్దని అనను గానీ, మన పనులన్నిటికీ ఏకైక నిలయంగా వాటిని ఎంచుకోవడం పొరపాటు.

సొంత సైటు

సొంత సైటు అనగానే అందరూ ఒకటే అనుకుంటారు గానీ, వాటిలో కనీసం నాలుగు రకాలున్నాయి. అడోబీ సాఫ్ట్‌వేర్లకు క్రియేటివ్ క్లౌడ్ చందా కడుతున్నవారికి అడోబీ పోర్ట్‌ఫోలియో అదనపు రుసుం లేకుండా వస్తుంది. బిహాన్స్‌లో పెట్టిన ప్రాజెక్టులను అందులోకి తెచ్చుకోవచ్చు, సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్ కోసం ఎలాగూ చందా కడుతున్నవారు, మరొకదానికి డబ్బు పెట్టే ముందు దీన్ని ప్రయత్నించకపోవడం నాకు అర్థం కాదు. చందా ఆగిపోతే సైటు కూడా ఆగిపోతుందన్నది మాత్రం మరవకూడదు. విక్స్, స్క్వేర్‌స్పేస్ వంటివి నెలవారీ అద్దెకు తయారు మూసలు ఇస్తాయి. వెబ్‌ఫ్లో, ఫ్రేమర్‌లలో కదలికలు, అమరిక మీద ఎక్కువ పట్టు దొరుకుతుంది, నేర్చుకోవడానికి పట్టే కాలం కూడా ఎక్కువే. యాప్‌లు, వెబ్‌సైట్లు డిజైన్ చేసేవారికి ఆ సైటే ఒక నమూనా పని అవుతుంది కనుక వారికి ఆ శ్రమ గిట్టుబాటవుతుంది. అచ్చుపని, ప్యాకేజింగ్ చేసేవారు అందులో రెండు నెలలు మునిగిపోవడం వృథా. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌ను సొంత హోస్టింగ్, అంటే సైటును ఉంచడానికి మనమే అద్దెకు తీసుకున్న సర్వర్ చోటు, మీద నడుపుకుంటే స్వేచ్ఛ ఎక్కువ, అప్‌డేట్లు చేసుకుంటూ, అక్కరలేని ప్లగిన్లు (అదనపు సౌకర్యాలు) తీసేసుకుంటూ కాపలా కాయవలసిన పని కూడా ఎక్కువే. కోడ్ కొద్దిగా వచ్చినవారు గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో రూపాయి ఖర్చు లేకుండా సొంత డొమైన్‌తో సైటు పెట్టుకోవచ్చు.

అద్దె సైట్లలో ఒక చిక్కు ఉంది. దాన్ని నేను స్వయంగా అనుభవించాను కనుక కాస్త వివరంగా చెప్తాను. వీటిలో చాలావాటికి ధర డాలర్లలో ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, రూపాయి విలువ తగ్గినప్పుడల్లా మన అద్దె పెరుగుతుంది. అది తెలిసిన సంగతే. 2021 అక్టోబరు నుంచి కార్డుల మీద దానంతట అదే జరిగే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు అమల్లోకి తెచ్చింది. ముందుగా అనుమతి నమోదు చేసుకోని చెల్లింపులు బ్యాంకు దగ్గరే ఆగిపోవడం మొదలైంది. నా సైటు అద్దె కూడా అలాగే ఆగిపోయింది. హెచ్చరిక ఈమెయిళ్లు ప్రకటనల గుంపులో కలిసిపోయాయి. మూడు వారాల తరవాత నానక్‌రామ్‌గూడ నుంచి ఒక కొత్త క్లయింటు ఫోన్ చేసి, "సార్, మీ సైటు తెరిస్తే ఏదో నోటీసు కనబడుతోంది, మీరు ఇంకా పనులు చేస్తున్నారా?" అని అడిగేదాకా నాకు తెలియలేదు. ఆ మూడు వారాల్లో ఎంతమంది అడగకుండానే వెళ్లిపోయారో లెక్క తెలియదు. అప్పటి నుంచి ఏడాది అద్దె ఒకేసారి కట్టి, డొమైన్, సైటు రెండింటి గడువు తేదీలను వంటగదిలో క్యాలెండర్ మీద రాసుకుంటున్నాను. ఫోన్ క్యాలెండర్ కంటే అదే నయమని తేలింది.

తెలుగు అక్షరాలతో పనిచేసేవారికి సొంత సైటులో మరో ఇబ్బంది ఎదురవుతుంది. ఈ మూసలన్నీ ఇంగ్లీషు అక్షరాల కొలతలకు తయారైనవి. వాటిలో రెండు వరుసల మధ్య వదిలే ఖాళీ మన గుడులకు, ఒత్తులకు చాలదు. నేనొకసారి "సౌభాగ్యలక్ష్మి" అని పెద్ద అక్షరాల్లో శీర్షిక పెడితే, 'క్ష్మి' కింద ఉన్న మకారపు ఒత్తు సగానికి తెగిపోయి, కింది వరుసలో ఉన్న గుడిని తాకుతూ కనబడింది. వరుసల మధ్య ఖాళీని మూస ఇచ్చినదానికి ఒకటిన్నర రెట్లు పెంచితే గానీ కుదరలేదు. ఆ మూసలు చూపే ఫాంట్ల జాబితాలో తెలుగు లేకపోతే, చూసేవారి ఫోన్‌లో ఏ తెలుగు ఫాంటు ఉంటే అది పడుతుంది. అక్షరాలే మన వృత్తి అయినప్పుడు అంతకంటే అవమానం ఉండదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, గిడుగు, సూరన్న, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు, అంటే వెబ్‌లో తెలుగును తెలుగుగానే చూపించేవి, ఉచితంగా ఉన్నాయి. వాటిని తగిలించుకునే వీలున్న వేదికనే తెలుగు డిజైనర్లు ఎంచుకోవాలి. అచ్చు కోసం, యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చిన వచనాన్ని తీసుకొచ్చి సైటులో అతికిస్తే అది అర్థంలేని గుర్తుల వరుసగా మారిపోతుంది, కనుక అటువంటి పనులను బొమ్మలుగానే పెట్టి, కింద వివరణను యూనికోడ్‌లో టైపు చేయాలి. అలా చేస్తే "తెలుగు శుభలేఖ డిజైన్" అని వెతికేవారికి దొరికే అవకాశం కూడా ఉంటుంది.

పీడీఎఫ్‌ను తక్కువగా చూడకూడదు

డిజైనర్లు పీడీఎఫ్‌ను పాతబడిన పద్ధతిగా భావిస్తారు. ఈ ఊళ్లో మొదటి పరిచయం వాట్సాప్‌లో జరుగుతున్నంతకాలం దాని విలువ తగ్గదు. ఎనిమిది నుంచి పది పేజీలు, ఫోన్‌కు సరిపోయేలా నిలువుగా, పది ఎంబీ లోపు ఉండేలా ఒకటి తయారుచేసుకోవాలి. పనుల బొమ్మలు విడిగా పంపవలసి వచ్చినా ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. ఫొటోగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది, సన్నని అక్షరాలు నలిగిపోతాయి. ఫైలుకు 'ఫైనల్ న్యూ 3' అన్న పేరు పెట్టకుండా మన పేరు, పని రకం పెడితే, ఆర్నెల్ల తరవాత ఆ క్లయింటు ఫోన్‌లో వెతికినప్పుడు దొరుకుతుంది. నేను ఒకే పీడీఎఫ్‌తో ఆగకుండా మూడు ఉంచుకుంటాను: ప్యాకేజింగ్ కోసం ఒకటి, హోటళ్లు, కేఫ్‌ల కోసం ఒకటి, పెళ్లి ఆహ్వానాల కోసం ఒకటి. కూకట్‌పల్లి ఆవిడ తరవాత ప్యాకేజింగ్ పీడీఎఫ్‌లో ప్రతి సీసాకూ వెనకవైపు పేజీ చేరింది.

పెట్టే ముందు అడగవలసినవి

చోటు ఎంపికను నేరుగా ప్రభావితం చేసే మరో అంశం అనుమతి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం సాధారణంగా తొలి హక్కు సృష్టించినవారిదే. ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి హక్కు ఉంటుంది. డబ్బు తీసుకుని వేసిచ్చిన వర్ణచిత్రాలు, తీసిచ్చిన ఫొటోల విషయంలోనూ, వేరే ఒప్పందం లేనప్పుడు, చేయించుకున్నవారే తొలి హక్కుదారులు. కాబట్టి పాత ఉద్యోగంలో చేసినవాటిని, డబ్బుకు వేసిన చిత్రాలను అందరికీ కనబడే వేదిక మీద పెట్టే ముందు ఒక ఈమెయిల్‌తో అనుమతి తీసుకోవాలి. కొత్త పనులకైతే కొటేషన్‌లోనే, పని విడుదలైన తరవాత నా పోర్ట్‌ఫోలియోలో చూపించుకుంటాను అన్న ఒక వాక్యం చేర్చితే తరవాత గొడవ ఉండదు.

రహస్య ఒప్పందం కింద చేసిన పనులకు, విడుదల కాని సినిమా పోస్టర్లకు బిహాన్స్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ పనికిరావు. ఒప్పందం అనుమతించినంతవరకే, అదీ పాస్‌వర్డ్ పెట్టిన సొంత సైటు పేజీలో చూపాలి, లేదా ఎదురుగా కూర్చుని మన ల్యాప్‌టాప్‌లో చూపాలి. ఇటువంటి పనులు ఎక్కువగా ఉన్నవారికి, మిగతా కారణాలన్నీ పక్కన పెట్టినా, ఈ ఒక్క కారణంతోనే సొంత సైటు అవసరం.

ఎవరికి ఏది

మాసబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూ వంటి చోట చదువు ముగించి వచ్చినవారు, ఇంకా క్లయింట్లు లేనివారు డొమైన్ కొని, దాన్ని బిహాన్స్‌కు ఫార్వార్డ్ చేసి, ఆరు మంచి పనులతో ఆగిపోవచ్చు. తొలి ఏడాది సైటు కట్టడం మీద పెట్టే సమయం పని చేయడం మీద పెట్టాలి. చిన్న వ్యాపారాలకు పనిచేసేవారికి పీడీఎఫ్‌లు, ఇన్‌స్టాగ్రామ్, వాటి వెనక ఒక్క పేజీ సైటు సరిపోతాయి. ఉత్పత్తుల సంస్థలతో పనిచేయాలనుకునేవారు మూడు ప్రాజెక్టులను పూర్తి కథనంతో సొంత సైటులో పెట్టుకుని, లింక్‌డిన్ నుంచి అక్కడికి దారి చూపాలి. విదేశీ క్లయింట్లను ఆశించేవారికి బిహాన్స్, సొంత సైటు రెండూ ఉండాలి, రెండింటిలోనూ పేరు, ఫొటో ఒకేలా ఉండాలి. ఎవరు ఏది ఎంచుకున్నా, ప్రతి ప్రాజెక్టు బొమ్మలను పెద్ద సైజులో, వచనాన్ని విడిగా ఒక ఫైలులో సొంత హార్డ్ డిస్కులో ఉంచుకుంటే, చోటు మారవలసి వచ్చినప్పుడు వారాంతంలో మారిపోవచ్చు.

సిద్ధమైందనుకున్నాక దాన్ని ఆఫీసు వైఫై మీద, పెద్ద తెర మీద చూసి తృప్తిపడకూడదు. నేను చేసే పరీక్ష ఒకటుంది. సాయంత్రం ఏడు గంటలకు అమీర్‌పేటలో రాయదుర్గం మెట్రో ఎక్కి, ఇంట్లోవాళ్లు వాడే మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో, నా ఖాతాలేవీ లాగిన్ అయి లేని బ్రౌజర్‌లో, మొబైల్ డేటా మీద ఆ లింకు తెరుస్తాను. యూసుఫ్‌గూడ వచ్చేలోపు మొదటి పని పూర్తిగా కనబడాలి. ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, మరో చేతి బొటనవేలితో నా ఫోన్ నంబరు దాకా చేరగలగాలి. పోయిన నెల ఇలా చూసినప్పుడు, మొదటి పేజీలో నేను ముచ్చటపడి పెట్టుకున్న వీడియో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటినా తెరుచుకోలేదు. ఇంటికి వెళ్లగానే దాన్ని తీసేసి, అక్కడ పచ్చడి లేబుల్‌ను చదునుగా పరిచిన బొమ్మ పెట్టాను.